నలభై ఆరు కిలోమీటర్ల కౌంటరు

ముందుగా సింహాద్రి అప్పన్నకి ఒక దణ్ణం పెట్టుకుందాం. మనందరికీ తెలివి పంచిపెట్టిన స్వామి ఆయనే. ఆ పంపకంలో ఎవరి దోసిట్లో ఎంత పడిందో తెలిసినవాడూ ఆయనే. ఆ వెనకాల గోడకి ఆనుకున్న పిన్నిగారూ, కాస్త ముందుకి జరగండమ్మా. నవ్వేటప్పుడు వెనక్కి వాలడానికి చోటుండాలి.

గుమ్మిడిపేటలో అందరికంటే తెలివైన ఇల్లు ఏదయ్యా అంటే త్రినాథం ఇల్లే. ఆ మాట ఎవరన్నారు? త్రినాథమే అన్నాడు. తమ్ముడు పైడిరాజు ఔనన్నాడు. త్రినాథం భార్య వరహాలు "మరే!" అంది. ముగ్గురు ఒప్పుకున్నాక ఇంకెవర్ని అడగాలి?

వాళ్ళ తెలివి ఎలాంటిదంటే, ఎవరేం చెబితే దాన్ని ఒక్క ముక్క తగ్గకుండా, ఒక్క ముక్క పెరగకుండా చేసేస్తారు. ఒకసారి డాక్టరుగారు త్రినాథంతో "ఈ మాత్ర పడుకునే ముందు వేసుకో" అన్నారు. ఇంకేముంది, పాపం త్రినాథం మధ్యాహ్నం కునుక్కి ఒకటి, బస్సులో కునుక్కి ఒకటి, శనివారం భజనలో కునుక్కి రెండు వేసుకున్నాడు. భజనలో రెండుసార్లు కునుకొచ్చింది మరి.

ఆ ఊళ్ళో ఒక దూరవిద్య కేంద్రం ఉంది. పగలంతా పనిచేసుకునేవాళ్ళు, కాలేజీకి పోలేనివాళ్ళు, కొండల్లో పల్లెల్లో ఉండి ఇంటి దగ్గరే చదువుకుంటారు. పరీక్షకి మాత్రం గుమ్మిడిపేట వస్తారు. వాళ్ళ కోసం అక్కడ రెండు గదుల లైబ్రరీ. దానికి లైబ్రేరియన్ త్రినాథం. అటెండరు పైడిరాజు, నలభై దాటినవాడు. వరహాలుకి అక్కడ ఉద్యోగమేమీ లేదు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి సాయంత్రం దాకా కూర్చుంటుంది. తను లేకపోతే లైబ్రరీలో తెలివి మూడోవంతు తగ్గిపోతుందని ఆవిడ భయం.

ఆ లైబ్రరీకి ఒక చిక్కుంది. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఎక్కడినుంచో కొండ దిగి వచ్చినవాళ్ళు ఒట్టి చేతుల్తో వెనక్కి పోయేవాళ్ళు. అది చూడలేక, కేంద్రంలో కంప్యూటరు పాఠాలు చెప్పే సుభాషిణి రెండు నెలలు కూర్చుని ఆ లైబ్రరీ కోసమే ఒక ప్రోగ్రాము రాసింది. పాఠకుడి పేరు కొడితే చాలు, ఆయన ఊరు ఎంత దూరమో చూపిస్తుంది. దూరాన్ని బట్టి గడువిస్తుంది, రెండు కిలోమీటర్లకి ఒక రోజు. ఒకే పుస్తకం నలుగురు అడిగితే ఎవరి తర్వాత ఎవరో వరుస చెబుతుంది. బంగారం లాంటి ప్రోగ్రాము. ఆ పిల్ల చేతికి అప్పన్నస్వామి చల్లని చూపు తగిలింది.

దాన్ని కంప్యూటర్లో పెడుతుండగా సుభాషిణికి ఫోనొచ్చింది. బయటికి వెళ్తూ, "త్రినాథం గారూ, నేను చెప్పేవరకు దేన్నీ ముట్టుకోకండి" అంది.

అంతే. త్రినాథం రెండు చేతులూ పైకెత్తేశాడు. పైడిరాజూ ఎత్తాడు. వరహాలూ ఎత్తింది.

"అన్నయ్యా, నువ్వు కుర్చీని ముట్టుకుంటున్నావు!" అన్నాడు పైడిరాజు.

త్రినాథం గభాలున లేచాడు. "మరి నువ్వు నేలని ముట్టుకుంటున్నావు కదరా!"

"అయ్యో, నువ్వూ ముట్టుకుంటున్నావు!"

ఇంకేముంది, ముగ్గురూ గెంతడం మొదలుపెట్టారు. గాల్లో ఉన్నంతసేపూ ముట్టుకోనట్టే. కింద పడినప్పుడల్లా "తప్పయిపోయింది తల్లీ" అని లెంపలేసుకోవడం, మళ్ళీ గెంతడం.

"ఏవండీ, గాలి తగుల్తోంది!" అంది వరహాలు రొప్పుతూ.

"గాలి మనల్ని ముట్టుకుంటోందే, మనం దాన్ని ముట్టుకోవట్లేదు. తప్పు గాలిది! గెంతు!"

సుభాషిణి తిరిగొచ్చేసరికి ముగ్గురూ చెమటతో తడిసిపోయి ఎగురుతున్నారు.

"ఏమైందండీ? తేలొచ్చిందా?"

"లేదమ్మా. మీరింకా చెప్పలేదు!"

సంగతి విన్నాక ఆ పిల్ల కాసేపు తల పట్టుకుంది. మర్నాడే వాళ్ళక్క పెళ్ళికి విశాఖపట్నం పోవాలి, వారం దాకా రాదు. అందుకని లేచి నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"త్రినాథం గారూ, మీకు దణ్ణం పెడతాను. మీ సొంత తెలివి వాడకండి. తెర మీద ఏముంటే అదే నిజం. తెర ఎలా చెబితే అలా చెయ్యండి. అంతకంటే ఇంకేమీ చెయ్యకండి."

ఆ పిల్ల వెళ్ళిపోయాక త్రినాథం మొహం చిన్నబోయింది. "సొంత తెలివి వాడొద్దందే! ఉన్న తెలివంతా ఏం చేసుకోవాలి?"

"దాచుకుందాం లెండి," అంది వరహాలు. "పండగలకి పనికొస్తుంది."

*

మర్నాడు గురువారం, నవంబరు పన్నెండు. పొద్దున్నే నూకరత్నం వచ్చింది.

ఈ నూకరత్నం ఎవరంటే, పనసవలసలో అంగన్వాడీ ఆయా. కొండమీది ఊరు, నలభై ఆరు కిలోమీటర్లు. పిల్లలకి అన్నం వండి పెడుతుంది, ముక్కులు తుడుస్తుంది, రాత్రి దీపం దగ్గర చదువుకుంటుంది. డిగ్రీలో అన్నీ పాసయ్యింది, 'శిశుపోషణ' అన్న ఒక్క పేపరు తప్ప. రెండుసార్లు తప్పింది. ఇది మూడోసారి, ఆఖరిసారి. ఈసారి తప్పితే మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి చదవాలి. పాసైతే అదే అంగన్వాడీకి టీచరు. ఆ ఊరికి టీచరు లేక ఏడాదయింది. పరీక్ష ఆదివారం. పుస్తకం ఆ లైబ్రరీలో ఒక్కటే ఉంది. తెల్లారకముందే బయల్దేరి, కొంత నడిచి, కొంత జీపెక్కి, కొంత బస్సెక్కి వచ్చింది పాపం.

"బాబూ, శిశుపోషణ పుస్తకం కావాలి," అంది కౌంటరు బల్ల మీద చేతులు పెట్టి.

త్రినాథం భక్తిగా కంప్యూటరుకి నమస్కారం చేసి, పేరు కొట్టాడు. తెర మీద వచ్చింది: 'ఈ పుస్తకానికి వరుసలో మీ ముందు ఒకరు ఉన్నారు. కె. తవిటయ్య. 60 కి.మీ.'

త్రినాథం తలెత్తి నూకరత్నం ముందు చూశాడు. పక్కన చూశాడు. బల్ల కింద కూడా చూశాడు.

"తల్లీ, మీ ముందు ఒకాయన ఉండాలి. ఏరీ?"

"నా ముందెవరూ లేరు బాబూ. నేనొక్కదాన్నే వచ్చాను."

"తెర చెబుతోంది, ఉన్నారని. తెర మీద ఉన్నదే నిజం. ఒరే పైడిరాజూ, తవిటయ్య గారు లోపలెక్కడైనా ఉన్నారేమో చూడు!"

పైడిరాజు అలమారలు వెతికాడు. చీపుళ్ళ గది వెతికాడు. "లేరన్నయ్యా. ఎవర్నో ఒకర్ని నిలబెట్టాల్సిందే. తెర అబద్ధమైపోతే సుభాషిణమ్మకి ఎంత అప్రతిష్ఠ!"

"మరి నువ్వు నిలబడరా."

"నేనిప్పటికే పైడిరాజుని కదా. వదిన ఖాళీగా ఉంది."

అంతే. వరహాలు క్యారేజీ పక్కన పెట్టి, కాటుక డబ్బా తీసి, పెదవి మీద ఇంత మందాన మీసం దిద్దుకుని, నూకరత్నం ముందు వచ్చి నిలబడింది.

"మీరెవరండీ?" అన్నాడు త్రినాథం.

"నేనండీ, వరహాల్ని!"

"కాదే! తవిటయ్యవి!"

"ఆ, ఔను. తవిటయ్యనండీ. బావున్నారా? మీ ఆవిడ బావుందా?"

"బావుంది. పాపం పొద్దుట్నించీ నడుంనొప్పి."

"అవునండీ, చాలా నొప్పిగా ఉందండీ," అంది వరహాలు నడుం పట్టుకుని.

నూకరత్నం ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. ముందున్న తవిటయ్య వంతు వచ్చింది కాబట్టి త్రినాథం మీట నొక్కాడు. పుస్తకం ఆయన చేతికి, అంటే ఆవిడ చేతికి ఇచ్చేశాడు. తెర మీద వచ్చింది: 'తవిటయ్య. గడువు 30 రోజులు. డిసెంబరు 12న తిరిగి ఇవ్వాలి.'

"ఇప్పుడు నా వంతు కదా బాబూ? ఆ పుస్తకం ఇలా ఇప్పించండి," అంది నూకరత్నం.

వరహాలు పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది. "ఇప్పుడెలా ఇస్తానమ్మా? పన్నెండున ఇవ్వాలని తెర చెప్పింది. ముందూ కాదు, వెనకా కాదు."

"అమ్మా, నాకు ఆదివారం పరీక్ష! పిల్లలు నామీదే ఆశ పెట్టుకున్నారు!"

ఆ మాటకి త్రినాథం మనసు కరిగిపోయింది. తెలివి సంగతెలా ఉన్నా మంచివాడు, దేవుడు ఆ లోటు ఆ విధంగా పూడ్చాడు. కాసేపు బుర్ర గోక్కుని, "పన్నెండు రావాలి, అంతే కదా! రప్పిద్దాం!" అన్నాడు.

గోడ మీద రోజుకో కాగితం చింపే క్యాలెండరు వేలాడుతోంది. పైడిరాజు స్టూలెక్కాడు. నవంబరు పన్నెండు చింపాడు. పదమూడు చింపాడు. బర్రుమని చింపుకుంటూ పోయాడు. ముప్ఫై కాగితాలు నేల మీద పడ్డాయి. డిసెంబరు పన్నెండు, శనివారం వచ్చేసింది.

"వచ్చేసింది!" అని ముగ్గురూ చప్పట్లు కొట్టారు. వరహాలు పుస్తకం తిరిగి ఇచ్చేసింది. త్రినాథం మీట నొక్కాడు. తెర కూడా 'తిరిగి వచ్చింది' అంది. అంతా బాగానే ఉందనుకునేలోపు వరహాలు ఒక్కసారిగా బావురుమంది.

"ఏమైందే?"

"డిసెంబరు రెండు మన పెళ్ళిరోజు! అప్పుడే వెళ్ళిపోయి పది రోజులయింది! మూర పూలైనా తెచ్చారా? ఒక్క మాటైనా అన్నారా?"

త్రినాథానికి తల కొట్టేసినట్టయింది. "మర్చిపోయానే! ఈ పని హడావుడిలో నెలే తెలీలేదు!" అని బజారుకి పరుగెత్తి, రెండు మూరల చామంతులు తెచ్చి, మీసమున్న భార్య తల్లో పెట్టి, తిరిగి కౌంటరు దగ్గరికొచ్చి నూకరత్నాన్ని చూసి ఆప్యాయంగా నవ్వాడు.

"తల్లీ, మీ పరీక్ష అయిపోయి ఇరవై ఏడు రోజులయింది కదా. ఎలా రాశారు?"

ముక్కులు తుడిచి, అన్నాలు పెట్టి, పాతిక మంది పసిపిల్లల్ని ఒకేసారి నిద్రపుచ్చగలిగిన మనిషి నూకరత్నం. పసిపిల్లలతో వాదించి లాభం లేదని తెలుసు. వాళ్ళ దారిలోనే వెళ్ళి తిప్పుకు రావాలి.

"ఇంకా రాయలేదు బాబూ. ముందు ఆ రోజులు వెనక్కి అంటించండి. నేను రాసుకుంటాను."

"అదీ మాటే!" అన్నాడు పైడిరాజు. వరహాలు క్యారేజీలో అన్నం తీసింది. మెతుకులతో ముప్ఫై కాగితాలూ ఒకదాని మీద ఒకటి అంటించేశారు. తొందరలో పదిహేడు తర్వాత పద్నాలుగు వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. పైన మాత్రం మళ్ళీ నవంబరు పన్నెండు, గురువారం వచ్చింది. ముగ్గురికీ భోజనం లేకుండా పోయింది.

"ఇప్పుడు పుస్తకం ఇవ్వండి," అంది నూకరత్నం.

త్రినాథం పేరు కొట్టాడు. తెర మీద వచ్చింది: 'నూకరత్నం. దూరం 46 కి.మీ. గడువు 23 రోజులు. పుస్తకం అలమారలో ఉంది. ఇవ్వవచ్చు.'

త్రినాథం తెర చూశాడు. నూకరత్నాన్ని చూశాడు. మళ్ళీ తెర చూశాడు.

"నలభై ఆరు కిలోమీటర్లు," అన్నాడు మెల్లగా.

"ఔను బాబూ."

"మీరేమో ఇక్కడున్నారు."

"ఔను బాబూ."

"వరహాలూ, నీ కుట్టుమిషను టేపు ఇలా ఇవ్వవే."

తన ముక్కు నుంచి నూకరత్నం ముక్కు దాకా కొలిచాడు. ఇరవై రెండు అంగుళాలు.

"చూశారా! మీరు నూకరత్నం కారు. నూకరత్నం నలభై ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది."

"నేనే బాబూ నూకరత్నాన్ని! ఇదిగో నా కార్డు, ఇదిగో నా ఫోటో!"

ఫోటో చూశాడు పైడిరాజు. "ఔనన్నయ్యా, ఆవిడే. కాకపోతే దగ్గరికొచ్చేసింది. దూరవిద్య కదా, దూరంగా ఉంటేనే విద్య. పక్కకొచ్చేస్తే ఎలా?"

"పోనీ, ఇక్కడే ఆ కుర్చీలో కూర్చుని చదువుకుంటాను."

"లేని మనిషి కుర్చీలో ఎలా కూర్చుంటుంది తల్లీ?" అన్నాడు త్రినాథం జాలిగా. "మీరు బెంగపడకండి. మీ ఊరెళ్ళిపోండి. నలభై ఆరు పూర్తవగానే పుస్తకం మీ చేతిలో పెట్టే పూచీ మాది. ఇది అప్పన్నస్వామి మీద ఒట్టు."

నాలుగింటికి ఆఖరి బస్సు. అది తప్పితే కొండ దారికి జీపు దొరకదు, పొద్దున్న పిల్లలకి అన్నం ఉండదు. నూకరత్నం కళ్ళు తుడుచుకుని బయల్దేరింది.

*

ఒట్టంటే ఒట్టే. శుక్రవారం పొద్దున్నే త్రినాథం బయల్దేరబోయి ఆగిపోయాడు. కౌంటరు బల్లకి ఒక బోర్డు తగిలించి ఉంది: 'పుస్తకాలు ఈ కౌంటరు దగ్గర మాత్రమే ఇవ్వబడును.'

"అయితే కౌంటరు కూడా రావాలి," అన్నాడు.

అంతే. ట్రాలీ ఆటో ఒకటి పిలిచారు. కౌంటరు బల్ల ఎక్కించారు. కంప్యూటరు ఎక్కించారు. త్రినాథం కుర్చీ, అన్నం మెతుకుల క్యాలెండరు, కుట్టుమిషను టేపు, అన్నీ ఎక్కించారు. పైడిరాజు పుస్తకం తియ్యడానికి అలమార దగ్గరికి వెళ్ళాడు.

"ఆగరా!" అని అరిచాడు త్రినాథం. "తెర ఏమంది? 'పుస్తకం అలమారలో ఉంది' అంది. నువ్వు తీసేస్తే తెర అబద్ధమాడినట్టు కాదూ?"

పైడిరాజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఎంత గండం తప్పింది! పోనీ అలమార పట్టుకెళ్దామా?"

"అది గోడలో ఉంది కదరా."

"గోడ పట్టుకెళ్దామా?"

"గోడ గవర్నమెంటుది. కాగితం పెట్టాలి. వారం పడుతుంది."

తలుపు దగ్గర వరహాలుకి మరో సంగతి గుర్తొచ్చింది. "ఏవండీ, బయటికెళ్తే తాళం జాగ్రత్త అని ప్రిన్సిపాలుగారు ఎన్నిసార్లు చెప్పారు!"

"మర్చిపోతానా!" అన్నాడు త్రినాథం. తలుపుకున్న తాళం ఊడదీసి, తాళం చెవితో సహా రుమాల్లో చుట్టి, లోపలి జేబులో పెట్టుకుని పిన్నీసు గుచ్చాడు. ఇంక దాన్ని ఏ దొంగా ఎత్తుకుపోలేడు. లైబ్రరీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

పనసవలస అంగన్వాడీ ముందు ట్రాలీ ఆగింది. లోపల నూకరత్నం పిల్లలకి పప్పన్నం కలుపుతోంది. చూస్తుండగానే గది మధ్యలో కౌంటరు బల్ల వెలిసింది. దాని మీద కంప్యూటరు, దాని వెనక త్రినాథం. పిల్లలందరూ ముద్దలు నోట్లో పెట్టుకుని నోళ్ళు తెరిచారు.

"చెప్పానా తల్లీ, వస్తామని!" అన్నాడు త్రినాథం. పేరు కొట్టాడు. నలభై ఆరు అంది తెర. టేపు పట్టాడు. పంతొమ్మిది అంగుళాలు.

త్రినాథం నీరుగారిపోయాడు. "ఇదేంటి తల్లీ! నిన్నటికంటే మూడంగుళాలు దగ్గరికొచ్చేశారు!"

"నేను రాలేదు బాబూ. మీరే వచ్చారు."

"ఎవరొస్తేనేం, అంగుళాలు అంగుళాలే కదా!"

"ఆవిడదేం తప్పు లేదన్నయ్యా," అన్నాడు పైడిరాజు. "మనం ఎంత దూరం పోతే ఆవిడ అంత దగ్గరవుతోంది. మనం కిందటి జన్మలో చేసుకున్న పాపం."

ముగ్గురూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి ఏడ్చారు. వాళ్ళని చూసి పిల్లలు ఏడ్చారు. నూకరత్నం మాత్రం ఏడవలేదు. పిల్లల మూతులు కొంగుతో తుడుస్తూ మెల్లగా అడిగింది.

"బాబూ, పుస్తకం తెచ్చారా?"

"అయ్యో, ఎలా తెస్తాం? అలమారలో ఉందని తెర చెబుతుంటే!"

"లైబ్రరీకి తాళం వేశారా?"

త్రినాథం గర్వంగా పిన్నీసు విప్పి, రుమాలు విప్పి, తాళం చూపించాడు. "ఇదిగో. భద్రంగా ఉంది."

నూకరత్నం చేతిలో కొంగు ఒక్క క్షణం ఆగిపోయింది. గోడ మీదున్న అప్పన్నస్వామి పటం వైపు చూసింది. స్వామి ఎప్పట్లాగే ఉన్నాడు. ఆవిడకే ఎందుకో, ఆ కళ్ళు నవ్వినట్టనిపించాయి.

"బాబూ, ఈ కౌంటరు నుంచి గుమ్మిడిపేట ఎంత దూరం?"

"నలభై ఆరు," అన్నాడు త్రినాథం ఏడుపు మధ్యలో.

"అయితే నేను గుమ్మిడిపేట వెళ్ళిపోతే, మీకు నలభై ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టేగా?"

ముగ్గురూ ఏడుపు ఆపారు. త్రినాథం వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పైడిరాజు కూడా మడిచాడు. వరహాలు కాళ్ళ వేళ్ళు కూడా చేర్చుకుంది. సరిగ్గా సరిపోయింది.

"అమ్మ తల్లీ!" అని త్రినాథం కుర్చీలోంచి లేచిపోయాడు. "మా ఇంటి తెలివి మీకూ అంటింది!"

"మరి నేను తిరిగొచ్చేదాకా పిల్లలు?"

"మేం చూసుకుంటాం!" అంది వరహాలు.

నూకరత్నం పక్కింటి అప్పలనర్సమ్మని పిలిచి, పిల్లల్నీ, ఆ ముగ్గుర్నీ అప్పజెప్పి, వెనక్కి ఖాళీగా పోతున్న ట్రాలీలోనే ఎక్కింది. సాయంత్రం అయిదింటికి ఫోన్ చేసింది.

"బాబూ, లైబ్రరీలో ఉన్నాను. అలమార ముందు నిలబడ్డాను."

త్రినాథం గొంతు సవరించుకున్నాడు. "ఎంత దూరంలో ఉన్నారు?"

"నలభై ఆరు కిలోమీటర్లు."

త్రినాథం మీట నొక్కి, రెండు చేతులూ గుమ్మిడిపేట వైపు చాచాడు. "చెయ్యి చాపండి తల్లీ. ఇదిగో, ఇస్తున్నాను."

అక్కడ నూకరత్నం చెయ్యి చాపి అలమారలోంచి పుస్తకం తీసుకుంది. "ముట్టింది బాబూ," అంది.

ఇక్కడ తెర మీద వచ్చింది: 'పుస్తకం నూకరత్నం దగ్గర ఉంది.'

ఆ ప్రోగ్రాము వచ్చాక తెర చెప్పిందీ, లోకంలో ఉన్నదీ అతుక్కున్నది ఆ ఒక్క క్షణమే. దాన్ని ఎవరు అతికించారో మీకు తెలుసు, నాకు తెలుసు. ఆయన కొండ మీద కూర్చుని చందనం వెనక నవ్వుకుంటూనే ఉంటాడు.

శనివారం పొద్దుట్నించి పొద్దుగూకే దాకా నూకరత్నం ఆ లైబ్రరీలో కూర్చుని చదివింది. ఇరవై రెండు అంగుళాలని కొలిచేవాడెవడూ లేడు. ఆదివారం పరీక్ష రాసి, పుస్తకం తీసిన చోటే పెట్టి, తలుపు దగ్గరికేసి, ఊరెళ్ళింది. వెళ్ళేసరికి అంగన్వాడీలో కౌంటరు బల్ల కింద ఏడుగురు పిల్లలు, బల్ల మీద ముగ్గురు పెద్దలు నిద్రపోతున్నారు. అప్పలనర్సమ్మ అందరికీ ఒకే దుప్పటి కప్పింది.

*

జనవరిలో ఫలితాలొచ్చాయి. నూకరత్నం పాసయ్యింది, అది కూడా మొదటి తరగతి మార్కులతో. పనసవలసకి టీచరొచ్చింది.

అప్పటికి కౌంటరు కూడా గుమ్మిడిపేట తిరిగొచ్చేసిందిలెండి. ఎండాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం నూకరత్నం మంచి పెద్ద పనసపండు పట్టుకుని వచ్చింది. వెంట ఒక పెద్దమనిషి ఉన్నాడు. బొద్దు మీసం, చేతిలో గొడుగు.

"బాబూ, మీ దయవల్ల గట్టెక్కాను. ఈయన మా కొండవతల ఊరాయన. ఈయన కూడా శిశుపోషణ పేపరు రాయాలి. పేరు తవిటయ్య గారు."

త్రినాథం ఆనందంగా పేరు కొట్టాడు. తెర మీద వచ్చింది: 'కె. తవిటయ్య. ఈయన నవంబరు 12న పుస్తకం తీసుకుని తిరిగి ఇచ్చారు.'

త్రినాథం చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు పుస్తకం తీసుకున్నదెవరు? తిరిగి ఇచ్చిందెవరు? తెర ఎప్పుడైనా అబద్ధం చెప్పిందా? మెల్లగా లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ పెద్దమనిషి మొహంలోకి తేరిపార చూశాడు. కళ్ళనిండా నీళ్ళు.

"వరహాలూ!" అన్నాడు. "ఇదేంటే! కాటుక మీసం కడుక్కోవే అని ఎన్నిసార్లు చెప్పాను? చూడు, నిజంగానే వేళ్ళూనేసింది!"

"నేను తవిటయ్యనండీ!" అన్నాడాయన రెండడుగులు వెనక్కి వేసి.

"నేననేదీ అదేనే! నడుంనొప్పి ఎలా ఉంది?"

నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే వరహాలు క్యారేజీతో లోపలికొచ్చింది. పైడిరాజు ఆవిణ్ణి చూశాడు, ఆయన్ని చూశాడు, చేతులు జోడించాడు.

"అన్నయ్యా, వదినలు ఇద్దరయ్యారు!"

సంగతి విని వరహాలు తవిటయ్య చుట్టూ ఒకసారి తిరిగింది. మీసం పట్టుకుని లాగి చూసింది. ఊడలేదు.

"ఔనండోయ్, ఇది నేనే," అంది. "ఎప్పట్నుంచో అనుకుంటున్నాను, ఇంత పని ఒక్కదాన్నే చేస్తున్నాను, నేనింకొకర్తెని ఉంటే ఎంత బావుణ్ణు అని. స్వామి విన్నాడు!"

అంతే. క్యారేజీ తవిటయ్య చేతిలో పెట్టింది. ఇంటి తాళం చెవి ఆయన బొడ్లో దోపింది. వెళ్ళి త్రినాథం కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"పొయ్యి మీద పప్పుంది, మాడిపోకముందే పద పద," అంది ఆయనతో. "ఉప్పు తక్కువ వెయ్యి, ఆయనకి బీపీ అని నీకు తెలీనిదా? మల్లెల దండ గూట్లో ఉంది, సాయంత్రం నువ్వే పెట్టుకో. నాకివాళ ఓపిక లేదు."